మెడలో వేలాడిన చెక్క పలక

క్లాసులో సుతిలి తాడు వాసన తగలగానే నా మెడ దురద పెట్టింది. మెదక్‌లో నాతో చదివిన దోస్తులారా, మీకూ పెడుతుంది చూడండి.

బడిలో తెలుగు మాట్లాడితే సుతిలి తాడుతో మన మెడలో పడే చెక్క పలక గుర్తుందా? దాని మీద ఇంగ్లిష్ సార్ తెల్ల పెయింటుతో రాసిన "ఐ యామ్ ఎ డాంకీ"? చివరి గంటకి అది ఎవరి మెడలో ఉంటే వాళ్లకి బెత్తం దెబ్బలు. అందుకే పక్కవాళ్లని గిల్లేవాళ్లం. నొప్పికి "అమ్మా" అన్నారంటే పలక వాళ్లది. బడి మనకు నేర్పిన స్నేహం అదీ!

పదో తరగతి చివరి రోజున ఆ పలకని సంచిలో వేసుకుని ఎత్తుకొచ్చాను. ఇప్పుడు నేనూ ఇంగ్లిష్ టీచర్నే. మా పిల్లలు క్లాసులో జామకాయల దుకాణం ఆట ఆడుతూ, బేరమాడుతూ ఇంగ్లిష్ నేర్చుకుంటారు. సార్ మనవరాలు నా క్లాసులో చేరిన రోజే ఆ పలక వెనకవైపు జామకాయ బొమ్మ వేసి, దుకాణానికి బోర్డుగా తగిలించాను.

ఇవాళ పేరెంట్స్ మీటింగుకి సార్ వచ్చాడు.

"గీ పాత పలక యాడిది బిడ్డా?"

"మీదే సార్. జర చేతిల పట్టుకొని చూడుండ్రి."

బొమ్మ చూద్దామని దించి ఛాతీ దగ్గర పట్టుకున్నాడు. అవతలి రాత పిల్లల వైపు తిరిగింది. మనవరాలు ఒక్కో మాటా కూడబలుక్కుని గట్టిగా చదివి అడిగింది:

"తాతా, నువ్వు గాడిదవని ఎందుకు రాసుకున్నవ్?"

ఆ పిల్లకి చదవడం నేర్పింది నేనే.