కోటేశ్వరమ్మ కంచె మీది తీగ

కరోనా సెలవులు పోయాక కాలేజీ సజావుగా నడిచిన మొదటి ఏడాది అది. నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో నేను బోటనీ చెబుతాను. జులై చివర్లో ఒక మధ్యాహ్నం కారంపూడి నుంచి కోటేశ్వరమ్మ మా ల్యాబ్‌కి వచ్చింది. మిరపనారు పెంచి అమ్ముకునే మనిషి. చేతిలో క్యారీబ్యాగు, దాన్నిండా ఆకుల్లేని పసుపుపచ్చ తీగ.

"మా కంచె మీదిది మేడం. బంగారు తీగంట, నారుతో పాటు చేలోకొస్తే మిరపంతా పీల్చేసిద్దంట. ఒక్కరూ నా నారు కొనట్లా. ఇంకో పది రోజులైతే ముదిరిపోద్ది, పీకి పారెయ్యాల్సిందే."

"ఎవరు చెప్పారక్కా?"

"మీ కాలేజీ పిల్లలే. ఏటా ప్రాక్టికల్స్‌కని మా కంచె మీద నుంచే గదా కోసుకుపోతారు. మేడమే చెప్పిందన్నారు."

తిరిగి చూశాను. వెనక బీరువాలో అదే తీగ సీసాలో ఉంది, 'కస్కుటా' అని నా చేతిరాతతో. కస్కుటా అంటే బంగారు తీగ. చిలగడదుంప కుటుంబానిది, పంటల్ని తినేస్తుంది. అచ్చం అలాగే కనిపించే ప్రజాతి ఇంకొకటుంది, కసైథా. అది దాల్చినచెక్క కుటుంబానిది, ఎక్కువగా కంచెల్లోని పొదల్నే పట్టుకుంటుంది. పూత ఉంటే తేడా తెలుస్తుంది. అప్పుడు పూత లేదు. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ దాన్ని కోసి చూడలేదు, చూడగానే పేరు పెట్టేశాను. చెప్పుకోవడానికే సిగ్గు.

రాజుపాలెంలో ఒక పశుగ్రాసం మడి నుంచి అసలైన కస్కుటా తెప్పించాను. రెండిటికీ టీ.ఎస్. తీశాను, అంటే కాండాన్ని బ్లేడుతో అడ్డంగా, పొరలాగా కోయడం. సాఫ్రనిన్ అనే రంగులో ముంచాను. చెక్కబారిన కణాలుంటే అవి ఎర్రగా తేలతాయి. కస్కుటాలో అక్కడక్కడా నాలుగు చుక్కలు, అంతే. కోటేశ్వరమ్మ తీగలో మాత్రం చుట్టూ వరుసగా టోపీల్లాంటి ఎర్రటి కణాల గుంపులు, వాటి బయట జిగురు గదులు. కసైథాయే. కుర్చీలోంచి లేచి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

మర్నాడు మైక్రోస్కోపు పట్టుకుని కారంపూడి వెళ్లాను. ముందు నారుమళ్లన్నీ వెతికాను, తీగ పోగు ఒక్కటీ లేదు. నారు కొనకుండా వెనక్కి వెళ్లినవాళ్లను కోటేశ్వరమ్మ పిలిపించింది. వాళ్లలో పెద్దవాడు వెంకయ్య రెండు స్లైడులూ చూశాడు.

"ఇందులో కుండ మూతి మాదిరి చుట్టూతా ఎరుపుంది. రెండోదాంట్లో లేదే."

"అదే తేడా బాబాయ్. కంచె మీది తీగ బంగారు తీగ కాదు. ఇన్నేళ్లూ తప్పు చెప్పింది నేనే."

"తప్పు చెప్పానని మీరే అంటిరి. ఈసారి నిజమేనని ఎట్టా నమ్మేది?"

"ఈసారి కోసి చూశాను. మీరూ చూశారు."

ఆయన మళ్లీ వంగి, రెండు స్లైడులనూ చానా సేపు చూశాడు. తర్వాత తువ్వాలు దులుపుకుని, "కోటేశ్వరమ్మా, నాకు రెండెకరాలకి నారు పీకు," అన్నాడు.

వారం తిరగకుండా మళ్లన్నీ ఖాళీ అయ్యాయి. నా ఉద్యోగంలో అంత సంతోషం ఇంకెప్పుడూ ఎరగను.

సీసా మీది పాత లేబుల్ చింపలేదు. దాన్ని కొట్టేసి, కింద 'కసైథా' అని రాశాను. ఏటా మొదటి ప్రాక్టికల్ రోజు దాన్ని బల్ల మీద పెడతాను. "ఎవరు మేడం తప్పు రాసింది?" అని పిల్లలు అడుగుతారు.

"నేనే, కోసి చూడకుండా రాశాను," అని బ్లేడ్లు పంచుతాను.