ఆయన ఎక్కడికి పోయినట్టు?

కారేపల్లి బడిలో తెలుగు చెప్పే రోజుల్లో, పిల్లల చేత హల్లులు దిద్దించే నాకు అచ్చు మీద మోజు ఉండేది. నా పేరు ఒక్కసారైనా పేపర్లో పడాలని.

ఆ ఏడు కోస్తా నుంచి వచ్చిన బృందం బడి ఆవరణలో నాటకం వేసింది. మొదటి రంగంలోనే తల్లి బట్టలు మడత పెడుతూ, కొడుకు వైపు చూడకుండా, "మీ నాన్న పోయారు రా" అంది. ఏడవలేదు, బొట్టు తీయలేదు. నా వెనక వరసలో ఎవరో "ఏడికి పోయిండంట?" అన్నారు. "సంతకు గావచ్చు తీ" అని ఇంకొకరు. నేనూ సంతకే అనుకున్నాను. మా వైపు రోజూ అందరూ పోతారు, మాపటికి వస్తారు. రెండు గంటలసేపు తెర పక్కనుంచి ఆయన ఎప్పుడొస్తాడా అని మెడ నొప్పి పుట్టేలా చూశాను. రాలేదు.

రెండు రోజులు కూర్చుని పేపరుకు ఉత్తరం రాశాను. తండ్రిని బయటికి పంపి, తిరిగి తీసుకురావడం రచయిత మరచిపోయాడని, ఇది క్షమించరాని లోపమని. కింద పేరు, దాని కింద 'తెలుగు ఉపాధ్యాయుడు' అని దిట్టంగా రాసి, పొద్దున బడికి వెళుతూ పోస్టు డబ్బాలో వేశాను.

ఇంటర్వెల్లో పేపరొచ్చింది. అందులో ఆ నాటకం మీద సమీక్ష. భర్త చావును ఒక్క ముక్కలో, కంట తడి లేకుండా చెప్పించడం అపూర్వమట. ఆ తల్లి బొట్టు తీయకపోవడం ఆధునికతట. ప్రేక్షకులు చివరిదాకా ఊపిరి బిగబట్టారట. అది మాత్రం నిజమే.

నా ఉత్తరం అచ్చయితే జిల్లా అంతా నవ్వుతుంది. టపా సంచి ఒంటిగంట బస్సుకు పోతుంది. పోస్టాఫీసుకు పరుగెత్తాను. పోస్టుమాస్టరు అప్పటికే సంచికి లక్క ముద్ర వేస్తున్నాడు.

"ఏంది సార్, గిట్ల ఉరికొస్తున్నరు?"

"పొద్దున ఏసిన ఉత్తరం వాపస్ కావాలె."

"సీలు పడ్డది గద సార్. ఏం రాసిన్రు గంత?"

"మొన్నటి నాటకం మీద."

"నేను గూడ జూసిన. గా తండ్రి మళ్ల రానే లేదు. గా సంగతి రాసిన్రా?"

"అదే రాసిన."

"మంచిగ రాసిన్రు! మరి వాపస్ ఎందుకు?"

"ఆయన చచ్చిపోయిండంట."

"ఎప్పుడు?"

"మొదటి సీన్లనే. పేపర్ల పడ్డది."

లక్క చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో," అన్నాడు, చుట్టాల కబురు విన్నట్టు. "మా ఇంటామె రెండు దినాల నుంచి అడుగుతున్నది, ఆయన ఏడికి పోయిండని. ఇయ్యాల పోయి చెప్పాలె."

విమర్శకుడికి నాటకం దగ్గరే కలిగిన దుఃఖం నాకు రెండు రోజులు ఆలస్యంగా, పోస్టాఫీసులో అందింది. బయట బస్సు హారన్ కొట్టింది. కండక్టరు సంచి అందుకున్నాడు. అడ్డుపడదామని చెయ్యి లేపాను. ఎక్కుతానేమో అనుకుని "జల్దీ రాండ్రి సార్" అన్నాడు.

మూడు వారాలు ముందు ఉత్తరాల పేజీయే తెరిచాను. అచ్చు కాలేదు. మొదటి వారం ఊపిరి పీల్చుకున్నాను. రెండోవారం నుంచి ఆ సంపాదకుడి మీద కోపం రావడం మొదలైంది.