దెయ్యం వచ్చేముందే చెప్పేసే పిన్ని

పిన్ని పోయారు. మధ్యాహ్నం టీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలోనే వాలిపోయారట. నెహ్రూ నగర్ నుంచి వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మ చలీ గయీ, అక్కా. ఏటీ చెప్పనేదు, బస్, అలాగే..." అన్నాడు.

మాకు చుట్టరికమేమీ లేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ ఆవిడ, అంతే. బాబాయిగారు గూడ్స్ డ్రైవరు, మా ఆయన గార్డు. ఎనభైల్లో నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా ఆయన డ్యూటీకి వెళ్తే చాలు, ఇల్లు నన్ను మింగేసేది. ఎప్పుడొస్తారో తెలియదు, అసలొస్తారో రారో అన్న బెంగ. నాకీ కాపురం వద్దు బాబోయ్ అనుకుని, పుట్టింటికి వెళ్ళిపోవడానికి బట్టలు సర్దుకున్నాను. ఆ మాటే పిన్నితో అన్నాను.

ఆవిడ తిట్టలేదు, బుజ్జగించలేదు. "ఆదివారం మా ఇంటికి వీసీఆర్ తెస్తన్నారు. దెయ్యం పిక్చరు. అది సూసి ఎల్దువుగాని" అన్నారు. భయంతో పారిపోతున్నదానికి దెయ్యం సినిమానా! ఇదెక్కడి వైద్యమండీ!

పట్టపగలే కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. మా లైన్లోని ఆడవాళ్ళందరూ చేరారు. పిన్ని నోరు ఊరుకుంటేనా! "అదిగో, మ్యూజిక్ ఆపీసాడు. ఇప్పుడేటో మీద పడతాది." పిల్లి దూకింది. "ఇది ఉత్తుత్తిది. అసల్ది ఎనకాల ఉంది." హీరోయిన్ మొహం కడుక్కోవడానికి వంగింది. "తలెత్తేసరికి అద్దంలో ఉంటాది సూడు." ఉంది! బంగళా తలుపు దానంతటదే కిర్రుమంది. "ఇంత ఇల్లు కట్టుకుని తలుపుకి సమురెయ్యరేటి?"

"చుప్ రహో దీదీ, మజా అంతా పోతంది" అని ఎవరో విసుక్కున్నారు. అంతలో తెర మీద దెయ్యాల రైలొకటి వచ్చింది. "ఓలమ్మ, ఎనక గార్డు పెట్టె ఏదీ? గార్డు నేకుండా బండినెవలు ఒగ్గీసారు?" అన్నారు పిన్ని. గార్డు పెళ్ళాన్ని, నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను.

మొన్నమొన్నటిదాకా నెహ్రూ నగర్ ఇంట్లో మనవల్ని టీవీ ముందు కూర్చోబెట్టుకుని ఇదే వరస. "దెయ్యం పిక్చరు మంచిదమ్మీ. ముందు సెప్పి భయపెడతాది" అనేవారు.

అయితే ఆ సినిమాతో నా బెంగ తీరిందనుకునేరు. లేదు. సర్దిన సంచీ అలాగే ఉంది. వెళ్దామనుకున్న రోజునే, పొద్దున్న రావలసిన బాబాయిగారు మధ్యాహ్నమైనా రాలేదు. కర్గీ రోడ్ స్టేషన్ అవతల లైను ఆగిపోయిందన్నారు గానీ, ఎందుకో ఎవరూ చెప్పరు. మా ఆయన కబురు కనుక్కొస్తానని స్టేషన్‌కి వెళ్ళారు. నేను పిన్ని దగ్గర కూర్చున్నాను. ఏరిన బియ్యాన్నే ఆవిడ మళ్ళీ మళ్ళీ ఏరుతున్నారు.

తలుపు చప్పుడైంది.

పిన్ని లేవలేదు. "నువ్వు తియ్యమ్మీ. నా వల్ల కాదు" అన్నారు. ఇంత భయంతోనా ఈవిడ ఇన్నేళ్ళుగా రోజూ క్యారేజీ కట్టి మొగుణ్ణి పంపిస్తోంది అనిపించింది. భయం పోతేగానీ ఉండలేననుకున్నాను. భయంతోనే ఉండొచ్చని ఆ క్షణాన ఆవిణ్ణి చూసి నేర్చుకున్నాను. ఆ రాత్రే సంచీ విప్పేశాను.

వెళ్ళి తలుపు తీశాను. దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో బాబాయిగారు. "లైను మీద సెట్టు పడిపోనాది. ఆకలేస్తంది, అన్నం ఉందేటి?" అంటూ గుమ్మంలోనే బూట్లు విప్పడానికి వంగారు.

పిన్ని లేచి వచ్చారు. ఆయన మొహం చూడలేదు. దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా, ఆ ఒక్క సంగతిని మాత్రం ఆవిడ ఏ సినిమాలోనూ ఎగతాళి చెయ్యగా నేను వినలేదు. బూట్లలోంచి ఆయన పాదాలు రెండూ బయటికొచ్చేదాకా, రెప్ప వెయ్యకుండా వాటినే చూస్తూ నిలబడ్డారు.