సైడ్ బి చెల్లెలు

ఆ రోజుల్లో పాట వినాలంటే వెతుక్కుంటూ పోవాలి, ఆ వెతికే దారులన్నీ హిందూపురంలో నా క్యాసెట్ల అంగడికే వచ్చేవి. డిస్కో పాటను ఈ సీమకు తెచ్చిన మొనగాణ్ణి నేనే, మా చిన్నమ్మ కూతుర్ని గాయనిగా నిలబెట్టిందీ నేనే. (ఇందులో రెండో మాటను కాసేపట్లో సవరించుకుంటాను. మొదటిదాన్ని కూడా.)

తొంభైల మొదట్లో జనం పాటల పట్టీ రాసిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇవ్వడం నా పని. నాకో జబ్బుండేది. టేపు చివర బెత్తెడు జాగా మిగిలినా ప్రాణం ఒప్పేది కాదు, అందులోకి ఇంకో పాట కుక్కేవాణ్ణి. అది సగంలో టక్కున తెగేది. "ఊరికే వచ్చిందానికి సగమైతే ఏమప్పా" అని సర్దిచెప్పేవాణ్ణి.

మా చెల్లెలు ధర్మవరంలో మగ్గం నేస్తూ పాడుకునేది. ఆమె గొంతు విన్న ఒక ఆర్కెస్ట్రా మాస్టరు, పెనుకొండలో పెళ్లి రిసెప్షన్‌కు ఒకే ఒక్క పాట ఇచ్చాడు. "జనం కూచుంటే మాతో వస్తావు. లేస్తే మళ్లీ మగ్గానికే పోతావు" అని ముందే చెప్పేశాడు. పాట డిస్కో కాలం నాటి ఇంగ్లీషుది. వరస నా అంగడి కంటే ముందే అందరి నోటా ఉండేది (మొదటి మాటకు సవరణ ఇదే), మాటలు మాత్రం ఎవరికీ తెలియవు. ఆమెకూ, వాయించేవాళ్లకూ క్యాసెట్లు నా అంగడి నుంచే వెళ్లాయి. పాటను టేపులో ఏ మూల ఎక్కించానో మీకు అర్థమయ్యే ఉంటుంది.

"అన్నా, పాట నడమ నిలబడిపోతాండాదే" అని ఫోన్ చేసింది.

"ఇంగ్లీషు పాటలు అట్లే ఉంటాయిమ్మా, అది స్టైలు" అన్నాను.

నమ్మింది. స్టేజీ మీద దుమ్ము లేపింది. పిల్లలు, ముసలోళ్లు అందరూ భుజాలు ఊపుతుండగా, సరిగ్గా టేపు తెగిన చోట ఆమె, వాయించేవాళ్లు ఒక్కసారిగా ఆగిపోయారు. కరెంటు పోయిందనుకుని జనం తలెత్తి లైట్ల వైపు చూశారు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కుర్చీలు కదలడం మొదలైంది. మాస్టరు మొహం చూడలేకపోయాం.

అప్పుడామె మైకు దగ్గరకు లాక్కుని, "కూచోండప్పా. టేపు అయిపోయినాది, తిప్పి పెడతాండా" అని మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. నవ్వులతో షామియానా కదిలిపోయింది. రెండోసారి ఆగగానే జనమే "తిప్పమ్మా, తిప్పు" అన్నారు. నాలుగుసార్లు తిప్పింది. మళ్లీ మగ్గం ఎక్కలేదు. ఆ తర్వాత కదిరి దాకా ఏ పెళ్లిలో అడిగినా 'సైడ్ బి' అంటేనే ఆమెను గుర్తుపట్టేవాళ్లు.

ఆ ఆపడం నా డైరెక్షనేనని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అది నా పిసినారితనం, దాని మీద కప్పిన ఒక అబద్ధం. అయితే ఆ నిశ్శబ్దంలో మొదటి చప్పట్లు మాత్రం నావే. మొన్న ఇదంతా ఆమెకు చదివి వినిపిస్తే, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అంది:

"నువ్వు యాడుంటివన్నా చప్పట్లు కొట్టేదానికి? పాట ఆగంగానే పోయి హిందూపురం బస్సులో కూచుంటివి. జనం నవ్వేది విని గదా దిగొస్తివి."