మేకుకు మిగిలిన ఇత్తడి బిళ్ళ

మా బాపు పనిచేసిన బొగ్గుబాయి మూతపడ్డాక గోదావరిఖని కాలనీవాళ్ళు ఆ ఆవరణలో వేసిన తోట ఇప్పుడు బాగా ఎదిగింది. ఒకప్పుడు బొగ్గు కుప్పలు పోసినచోట వేపలు, తురాయిలు నీడనిస్తున్నాయి. మూడేళ్ళ మా పాప మొన్న మొదటిసారి అక్కడి గడ్డిలో పరుగెడుతుంటే, ఆ నేల కింద సొరంగాలున్నాయన్న తలపుతో నా కళ్ళు దాన్ని వదలలేదు.

తోటకు కావలి ఉండే కాక ఒకప్పుడు ఆ బాయిలో దీపాలు ఇచ్చే మనిషి. లోపలికి వచ్చిన ప్రతి పిల్లకూ పాత ఇత్తడి బిళ్ళ ఒకటి మేకుకు తగిలిస్తాడు. వెళ్ళేటప్పుడు ఆ పిల్లే దాన్ని తీసి ఆయన చేతికివ్వాలి.

నా వయసు బాయి పిల్లలకు ఆ బిళ్ళలు గుర్తుండే ఉంటాయి. షిఫ్టుకు దిగే మనిషి తన బిళ్ళ ఇచ్చి దీపం తీసుకునేవాడు, పైకొచ్చి దీపం ఇచ్చి బిళ్ళ తీసుకునేవాడు. బిళ్ళ మేకుకు ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. తొంభైల్లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఒక సాయంత్రం అందరూ ఇళ్ళకు చేరినా బాపు రాలేదు. అవ్వ, అంటే మా అమ్మ, నా చెయ్యి పట్టుకుని బాయి గేటుకు పరుగెత్తింది.

"బిళ్ళ ఈన్నే ఉన్నది చెల్లె, మనిషి కిందనే ఉన్నడు," అన్నాడు ఈ కాకే. నలుగురు మళ్ళీ దిగారు. అవ్వ ఏడవలేదు గానీ ఆమె గోళ్ళు నా మణికట్టులో దిగిన గుర్తులు మర్నాటికీ పోలేదు. చీకటి పడే వేళకు బాపు ఈల వేసుకుంటూ రోడ్డు మీద కనిపించాడు. తన దీపం ఇచ్చేయమని దోస్తుకు అప్పగించి పక్క కాలనీలో కబడ్డీ చూడ్డానికి పోయాడట. ఆ దోస్తు గుంపులో దీపాన్ని బల్ల మీద పెట్టి ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

"నువ్వు పైన ఈలలేసుకుంట తిరుగుతున్నవ్, నలుగురు కింద నిన్ను దేవులాడుతున్నరు. గా నీ పెండ్లాం మొఖం జూడు!" అని కాక తిట్టిపోశాడు. ఆ నలుగురూ పైకొచ్చేదాకా బాపు గేటు దగ్గరే తల వంచుకుని కూర్చున్నాడు.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే మొన్న పెద్ద వాన మొదలైంది. పాపను ఎత్తుకుని వెనక కంచె సందులోంచి దగ్గరిదారిన క్వార్టరుకు వచ్చేశాను. దాని తల తుడిచి అన్నం పెడుతుంటే తలుపు చప్పుడైంది. కాక, మోకాళ్ళదాకా బురద.

"పిల్ల ఇంట్ల ఉన్నదా బిడ్డా? తోటంత దేవులాడిన. నీళ్ళ తొట్టి గూడ జూసిన."

పాపను చూశాక ఆయనకు నవ్వొచ్చింది. "మీ బాపు బిడ్డవే నువ్వు!"

పాప బిళ్ళ మేకుకే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. బిళ్ళ మీరే తీసేయండి కాకా, అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఎవల బిళ్ళ వాళ్ళే తియ్యాలె." గొడుగు కింద పాపను మళ్ళీ మోసుకెళ్ళాను. అది తన చేత్తో బిళ్ళ తీసిచ్చాకే ఆయన గేటుకు తాళం వేశాడు.

ఆ బాయి సైరన్ ఇప్పుడు మోగదు, ఆ గేటు దగ్గర ఆడవాళ్ళు నిలబడి ఎదురుచూడరు, మా పాపకు ఆ భయం తెలియకుండానే గడుస్తుందేమో. కాక తరువాత ఆ మేకుల దగ్గర ఎవరుంటారో తెలియదు. ఈ సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. బిళ్ళ మేకుకు ఎక్కేదాకా పాప చెయ్యి పట్టుకునే ఉన్నాను, ఆ తరువాత వదిలాను.