పరీక్ష కోసం చెప్పిన పాఠం

మొన్న మధ్యాహ్నం మా పాస్టరుగారు ఫోన్ చేసి, వచ్చే ఆదివారం యవ్వనస్తులకు ఒక అరగంట మాట్లాడమన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. జీవం పరిణామం వల్ల రాలేదనీ, ఇదంతా దేవుడి సృష్టేననీ సైన్సు ప్రకారం నిరూపించాలట. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన టీచరు చెబితే పిల్లలు ఇట్టే నమ్ముతారని ఆయన ధీమా. సరేనన్నాను గానీ, వంటింట్లోంచి వరండాలోకీ, వరండాలోంచి వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. స్టవ్ మీద పాలు రెండుసార్లు పొంగిపోయాయి.

మా నాన్న ఆగిరిపల్లి దగ్గర మామిడి అంట్లు కట్టేవారు. ఆదివారం చర్చిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడనీ, ఏ జాతిని ఆ జాతిగానే పుట్టించాడనీ చెప్పేవారు. మిగతా ఆరు రోజులూ, చిన్న రసం టెంక పాతితే మళ్లీ అదే పండు వస్తుందన్న నమ్మకం లేదు గనుక అంటుమొక్కే పట్టుకెళ్లండని రైతులకు చెప్పేవారు. కాలేజీలో నాలుగు ముక్కలు చదివిన పొగరుతో ఒకసారి ఈ మెలిక పట్టుకుని నిలదీశాను. ఆయన చేతిలో కత్తి ఆపకుండానే, "పండు మారితే మారిందిగానీ, మామిడి టెంకకి మామిడేగా వచ్చింది, పనస రాలేదుగా అమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే పదో తరగతికి పరిణామం పాఠం చెప్పాల్సి వచ్చింది. మా చర్చి పిల్లలే సగం మంది ఎదురుగా కూర్చున్నారు, సాయంత్రానికల్లా నాన్న చెవిన పడుతుందని నాకు ఒకటే దడ. ఆ రోజుల్లో ఎంతోమంది టీచర్లు చేసిన పనే నేనూ చేశాను. పాఠం గబగబా ముగించి, ఇది పరీక్షలో రాయడానికే గానీ నమ్మడానికి కాదన్నాను. అటు ఉద్యోగం, ఇటు ఇల్లు, రెండూ దక్కాయని మురిసిపోతుండగా ముందు బెంచీలో అమ్మాయి లేచి, "మరి మిగతా పాఠాలు కూడా పరీక్షకేనా టీచర్?" అంది. ఎగతాళికి కాదు, పాపం, తెలుసుకోవాలనే అడిగింది. కూర్చోమని కసిరాను.

క్లాసులో నేనన్న మాట విని నాన్న సంతోషిస్తారనుకున్నాను. ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "నేను నమ్మనిది ఏ రోజూ పిల్లలకి చెప్పలేదమ్మా. నువ్వు పాఠం చెప్పినందుకు నాకేం బాధ లేదు. ఇంతకీ నువ్వేది నమ్ముతున్నావు?" అన్నారు. జీవం మారుతూ వచ్చిందనీ నమ్ముతాను, దాని వెనక దేవుడున్నాడనీ నమ్ముతాను అని చెబితే సరిపోయేది. రెంటికీ చెడతానని భయపడి నోరు మెదపలేదు. ఆయన మళ్లీ అడగలేదు. ఆయన పోయేదాకా నేనూ చెప్పలేదు. ఇప్పటికీ ఆ సిగ్గు పోలేదు.

ఆ రోజుల్లో వాదించుకునేవాళ్ల దగ్గర రుజువులు తక్కువే, ఎదుటి మనిషి మనసులో ఏముందో కనుక్కునే ఓపిక మాత్రం ఉండేది. ఇప్పుడు రుజువులు పొద్దున లేచేసరికి ఫోన్లలో పడి ఉంటున్నాయి, వాటి కింద వేసుకోవడానికి ఎవరిదో ఒక డిగ్రీ కావాలి. పాస్టరుగారు మంచివారే, నేనేం చెప్పాలో వరసగా రాసి కాగితం కూడా పంపించారు. నేనేం నమ్ముతానని మాత్రం ఆయన అడగలేదు. అడిగిన ఒకే ఒక్క మనిషికి నేను జవాబు చెప్పలేదు.