మగ్గం మీది కెమెరాకు అత్తమ్మ తాళం

మా గద్వాలలో కొత్త అంచు నేస్తుంటే, చీర మగ్గం దిగేదాకా బయటివాళ్లకు చూపించం. దొంగల భయంతో మా ఆయన మగ్గం దగ్గర నెట్ కెమెరా పెట్టించారు. ఈ రోజు పొద్దున అది దానంతటదే అత్తమ్మ నేస్తున్న అంచు వైపు తిరిగింది. అత్తమ్మ వెంటనే దాని మీద తువ్వాల కప్పి, కొడుకుని పిలిచింది.

"నువ్వు తిప్పినవా?"

"నేను తిప్పలేదమ్మా."

"మరెవడు చూస్తుండు?"

తీరా చూస్తే, కెమెరాతో వచ్చిన పాస్‌వర్డే ఇంకా ఉంది. అది తెలిసినవాళ్లు ఎక్కడినుంచైనా కెమెరాను తిప్పి చూడొచ్చట.

"పక్కింటోళ్లకే చూపియ్యని అంచును ఎవనికో చూపిస్తున్నవా రా?" అంటూ అత్తమ్మ ఆయన ఫోన్ లాక్కొని కొత్త పాస్‌వర్డ్ తనే పెట్టింది.

ఏం పెట్టావని ఆయన అడిగితే, "చీర మగ్గం దిగినంక చెప్త" అంది.

అదీ మా అత్తమ్మ! మీ కెమెరా పాస్‌వర్డ్ మార్చారా, మా అత్తమ్మను పంపమంటారా?